దిగబోయిన విమానం ఒక్కసారిగా పైకి లేచిపోయింది: అది తప్పిన ప్రమాదమేనా?

మీరు అడిగింది ఇదీ. ముంబై నుంచి అమ్మగారితో రాజమండ్రి వస్తున్నారు. మధురపూడిలో దిగడానికి నిమిషం ముందు, కింద పొలం గట్లు కూడా కనిపిస్తున్న ఎత్తులో, విమానం పెద్ద హోరుతో పైకి లేచిపోయింది. అప్పుడే రన్‌వే మీద ఇంకో విమానం మీ కంట పడింది. పైలట్ "ముందు ట్రాఫిక్ ఉంది" అని ఒక్క ముక్క చెప్పి, చుట్టు తిప్పి, పావుగంటకి దించేశారు. మీరు అమలాపురం చేరేలోపే "రెండు విమానాలు గుద్దుకోబోయాయి" అని చుట్టాలందరికీ తెలిసిపోయింది. అమ్మగారు ఇక రైలే అంటున్నారు. ఇది నియర్ మిస్సేనా, ఎవరికైనా ఫిర్యాదు చెయ్యాలా అని అడిగారు.

సూటిగా చెబుతాను: మీరు రాసిన వివరాలను బట్టి అది నియర్ మిస్ కాదండి. దాన్ని గో-అరౌండ్ అంటారు. ముందు విమానం రన్‌వే ఖాళీ చెయ్యలేదు కాబట్టి మీ విమానాన్ని దిగనివ్వలేదు. నియర్ మిస్ జరగకుండా చేసే పని అది. ఫిర్యాదు అక్కర్లేదు.

నేను ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యాను. రాడార్ ఉన్న పెద్ద విమానాశ్రయాల్లోనూ, రాడార్ లేని చిన్న టవర్లలోనూ చేశాను. మాదీ కోనసీమే. మీ అమ్మగారి భయం మా ఇంట్లోనూ చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

గాలిలో రెండు విమానాల మధ్య ఎంత దూరం ఉండాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. విమానాశ్రయం చుట్టుపక్కల రాడార్ మీద చూస్తూ నడిపేటప్పుడు మామూలుగా పక్కకి 3 నాటికల్ మైళ్లు, లేదంటే నిలువునా 1000 అడుగులు. రెండింటిలో ఒకటి ఉంటే చాలు. 3 నాటికల్ మైళ్లంటే ఐదున్నర కిలోమీటర్లు. ఇక్కడి నుంచి నేను మైలు అంటే నాటికల్ మైలే. మన రాజమండ్రి ఆర్చి బ్రిడ్జి ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు దాటినంత. పెద్ద విమానం వెనకాల మీడియం రకం వస్తుంటే, ముందుదాని రెక్కల నుంచి వచ్చే గాలి సుడుల వల్ల 5 మైళ్లు వదులుతారు. ఈ దూరం చెడిపోయి, విమానాల భద్రతకే ముప్పు వచ్చిందని పైలట్‌కో కంట్రోలర్‌కో అనిపించిన సంఘటనను మా భాషలో ఎయిర్‌ప్రాక్స్ అంటారు. పేపర్లు రాసే నియర్ మిస్ అదే.

రన్‌వే దగ్గర నియమం వేరు. మీకు జరిగింది ఈ నియమం కిందికి వస్తుంది. ముందు దిగిన విమానం రన్‌వే వదిలి పూర్తిగా బయటికి వెళ్లేదాకా వెనకది రన్‌వే అంచు దాటి లోపలికి రాకూడదు. ముందుది టేకాఫ్ అవుతుంటే అది అవతలి చివర దాటాలి, లేదా పక్కకి తిరగడం మొదలుపెట్టాలి. కొన్ని పెద్ద విమానాశ్రయాల్లో పగటిపూట, వాతావరణం బాగున్నప్పుడు దీన్ని కొంచెం సడలించే ప్రత్యేక నిబంధనలు ఉంటాయి. మూల సూత్రం మాత్రం ఒక రన్‌వే, ఒక విమానం.

మరి అంత దగ్గరికి రానిచ్చి ఆఖర్లో ఎందుకు వద్దన్నారు, ముందే చూసుకోవచ్చు కదా అంటారు. న్యాయమైన ప్రశ్నే. మన వైపు వచ్చే విమానాల్లో రెండు రకాలున్నాయి: ప్రొపెల్లర్లు తిరిగే ఏటీఆర్‌లు, జెట్ ఇంజిన్ల ఎయిర్‌బస్‌లు. ఏటీఆర్ దిగే ముందు నిమిషానికి 2 మైళ్ల చొప్పున వస్తోందనుకోండి. ఎయిర్‌బస్ రెండున్నర మైళ్ల చొప్పున వస్తుంది. ఏటీఆర్ రన్‌వేకి 10 మైళ్ల దూరంలో ఉన్నప్పుడు ఎయిర్‌బస్ 15 మైళ్ల దూరంలో ఉంటే మధ్యలో 5 మైళ్లు. బాగానే ఉంది. ఐదు నిమిషాల తర్వాత ఏటీఆర్ నేల తాకేసరికి ఎయిర్‌బస్ రెండున్నర మైళ్లలోకి వచ్చేస్తుంది. అంటే ముందుది బయటికి వెళ్లడానికి మిగిలింది ఒక్క నిమిషం.

ఆ నిమిషంలో వెళ్లిపోతుందా? రన్‌వే పక్కనే పొడవునా సమాంతరంగా టాక్సీవే, అంటే విమానాలు నేల మీద నడిచే దారి, ఉన్న చోట వెళ్లిపోతుంది. అది లేని విమానాశ్రయంలో, దిగిన విమానం ఒక్కోసారి రన్‌వే మీదే వెనక్కి తిరిగి, వచ్చిన దారినే నడిచి టెర్మినల్ వైపు మలుపు దాకా రావాలి. దాన్ని బ్యాక్‌ట్రాక్ అంటాం. దానికి నాలుగు నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు. కంట్రోలర్ ఇదంతా లెక్కేసుకునే వెనకదాన్ని ముందు నుంచీ నెమ్మదిస్తాడు. అయినా వాన పడి రన్‌వే తడిగా ఉంటే ముందు పైలట్ జాగ్రత్తగా మెల్లగా నడుపుతాడు, లేదా ఒక మలుపు దాటి ముందుకు పోతాడు. వేసుకున్న లెక్క ముప్పై సెకన్లు తప్పుతుంది. అప్పుడు టవర్‌లో ఉన్నవాడి నోటి నుంచి రావాల్సిన మాట ఒక్కటే: గో-అరౌండ్.

మీ విమానం విషయంలో ఆ రోజు సరిగ్గా ఏ కారణమో నాకు తెలిసే అవకాశం లేదు. కానీ మీరు చెప్పినదంతా ఈ వరసలో సరిపోతోంది. పైగా దిగడానికి అనుమతి లేకుండా ఏ పైలట్ కూడా దించడు. టవర్ పిలవకపోయినా, రన్‌వే మీద ఏదైనా కనిపిస్తే తనంతట తనే లేపేస్తాడు. ఎవరినీ అడగక్కర్లేదు, తర్వాత ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఎక్కడికి, ఎంత ఎత్తుకి వెళ్లాలో ముందే మ్యాపులో అచ్చువేసి ఉంటుంది. దిగడం మొదలుపెట్టకముందే ఇద్దరు పైలట్లూ దాన్ని పైకి చదువుకుంటారు.

ఆ హోరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అమ్మగారు హడలిపోయింది దానికే అయి ఉంటుంది. దిగేటప్పుడు ఇంజిన్ల శబ్దం బాగా తగ్గి ఉంటుంది. గో-అరౌండ్ అనగానే దాదాపు పూర్తి శక్తి ఇస్తారు, ముక్కు పైకెత్తుతారు, చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. ఇవన్నీ కొన్ని సెకన్లలో జరుగుతాయి. లోపల కూర్చున్నవాళ్లకి వీపు సీటుకి నొక్కుకుపోతుంది, కడుపులో తిప్పుతుంది. టేకాఫ్‌లోనూ అదే శక్తి, అదే శబ్దం. అక్కడ దానికోసం ఎదురుచూస్తుంటాం, ఇక్కడ ఎదురుచూడం. వెంటనే పైలట్ మైకులో మాట్లాడకపోవడం కూడా భయాన్ని పెంచుతుంది. ఆ రెండు మూడు నిమిషాలు వాళ్లకి చేతినిండా పని ఉంటుంది. మనతో మాట్లాడటం చివరి పని.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న సంగతికి వస్తాను. నిజంగా భయపడాల్సిన సంఘటనల్లో చాలావాటిలో ప్రయాణికులకు ఏమీ తెలియదు.

నా ఉద్యోగంలో పక్కపక్కనే గుర్తున్నవి రెండున్నాయి. ఒకటి, వానలో ఒక చిన్న విమానాశ్రయంలో. ముందు దిగింది బ్యాక్‌ట్రాక్ చేస్తోంది, వెనక జెట్ రెండు మైళ్లలో ఉంది. గో-అరౌండ్ చెప్పాం, లేచిపోయాడు, రెండోసారి మామూలుగా దిగాడు. లోపల జనం దేవుళ్లందరికీ మొక్కుకునే ఉంటారు. మా లాగ్‌బుక్‌లో అది ఒక్క లైను. రెండోది ఒక పెద్ద రాడార్ గదిలో. దాదాపు ఒకేలా వినిపించే కాల్‌సైన్లతో, అంటే రేడియోలో విమానాన్ని పిలిచే పేర్లతో, రెండు విమానాలు వస్తున్నాయి. ఎత్తు తగ్గించమని ఒకరికి చెబితే రెండోవాడు తనకే అనుకుని "సరే" అన్నాడు. ఇద్దరి మాటలూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. పక్క సీట్లో ఉన్న సహోద్యోగి గొంతు తేడా పసిగట్టి అరిచాడు కాబట్టి వెంటనే ఆపగలిగారు. రెండు విమానాల్లోనూ ఎవరి కాఫీ కప్పూ ఒలకలేదు. దానిమీద విచారణ మాత్రం నెలల తరబడి సాగింది. టేపులు మళ్లీ మళ్లీ విన్నారు, ఆ తర్వాత ఆ కాల్‌సైన్లలో ఒకటి మార్చేశారు.

బయట జరిగినవి చూసినా ఇదే కనిపిస్తుంది. 2024 జూన్ 8న ముంబైలో ఒక ఎయిరిండియా విమానం టేకాఫ్ కోసం రన్‌వే మీద పరుగెడుతుండగానే వెనక ఇండిగో విమానం అదే రన్‌వే మీద దిగేసింది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విచారణ మొదలుపెట్టి ఆ కంట్రోలర్‌ని విధుల నుంచి తప్పించింది. దిగిన విమానంలోని వాళ్లకి అది మామూలు ల్యాండింగే. వీడియో బయటికి వచ్చాకే లోకానికి తెలిసింది. అదే ఏడాది జనవరి 2న టోక్యో హనేడాలో రన్‌వే మీద కోస్ట్‌గార్డ్ విమానం దాదాపు 40 సెకన్లు నిలబడి ఉంది. రాత్రిపూట, టవర్ గమనించలేదు, దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకి కనిపించలేదు. గో-అరౌండ్ జరగలేదు, రెండూ ఢీకొన్నాయి. పెద్ద విమానంలో ఉన్న 379 మందీ మంటల్లోంచి బయటపడ్డారు. చిన్నదానిలో ఆరుగురిలో అయిదుగురు చనిపోయారు. మీ విమానం ఆ రోజు పైకి లేచినట్టు అక్కడ కూడా లేచి ఉంటే వాళ్లు ఇవాళ ఉండేవాళ్లు.

మన దేశంలో ఈ విషయం మాట్లాడితే హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద జరిగిన ప్రమాదాన్ని తలుచుకోకుండా ఉండలేం. 1996 నవంబరు 12. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ జంబోకి 14,000 అడుగులు, ఢిల్లీలో దిగడానికి వస్తున్న కజకిస్తాన్ విమానానికి 15,000 అడుగులు ఇచ్చారు. కజక్ విమానం ఆ ఎత్తు దగ్గర ఆగకుండా కిందికి దిగిపోయింది. రెండూ గాలిలో ఢీకొని 349 మంది పోయారు. అప్పటి ఢిల్లీ రాడార్‌లో విమానం ఎక్కడుందో కనిపించేది గానీ ఎంత ఎత్తులో ఉందో కనిపించేది కాదు. ఎత్తు చూపే రాడార్ వాడకంలోకి రావడం, వచ్చే పోయే విమానాలకి దారులు విడదీయడం, టీకాస్ లేకుండా మన ఆకాశంలోకి రాకూడదనడం, ఇవన్నీ ఆ తర్వాతే.

టీకాస్ అంటే విమానాల్లో ఉండే హెచ్చరిక యంత్రం. చుట్టుపక్కల విమానాలను అదే వెతుక్కుంటుంది. దగ్గరైతే ముందు "ట్రాఫిక్" అంటుంది, ఇంకా దగ్గరైతే ఒకరిని ఎక్కమని, రెండోవారిని దిగమని చెబుతుంది. కంట్రోలర్ ఒకటి చెప్పి టీకాస్ ఇంకొకటి చెబితే టీకాస్ మాటే వినాలి. 2002 జూలై 1న జర్మనీలోని ఊబర్‌లింగెన్ మీద రష్యా విమానం టీకాస్‌ని కాదని కంట్రోలర్ మాట విన్నందువల్ల ఇంకో విమానాన్ని ఢీకొని 71 మంది చనిపోయారు. కంట్రోలర్‌గా ఈ మాట రాయడం కష్టంగానే ఉంటుంది, కానీ నియమం అదే, అదే సరైనది.

అయితే ఒక పరిమితి ఉంది, చాలామందికి తెలియదు. నేల నుంచి సుమారు 1000 అడుగుల కిందికి వచ్చాక టీకాస్ ఎక్కమని, దిగమని ఆదేశాలివ్వడం ఆపేస్తుంది. నేలకి అంత దగ్గరలో ఉన్నట్టుండి కిందికి దిగమనడం ప్రమాదం కదా. మామూలుగా విమానం 3 డిగ్రీల వాలులో దిగుతుంది కాబట్టి రన్‌వేకి 3 మైళ్ల దూరంలో దాదాపు 950 అడుగుల ఎత్తులో ఉంటుంది. అంటే ఆఖరి 3 మైళ్లలో మిమ్మల్ని కాపాడేవి పైలట్ కళ్లు, టవర్ కళ్లు, గో-అరౌండ్. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో దిగబోతున్న ప్రయాణికుల విమానాన్ని సైనిక హెలికాప్టర్ ఢీకొన్నది దాదాపు 300 అడుగుల ఎత్తులో. 67 మంది చనిపోయారు. "విమానం కనిపిస్తోంది, మేమే చూసుకుని తప్పుకుంటాం" అని హెలికాప్టర్ వాళ్లు టవర్‌కి చెప్పారు. చీకట్లో ఏ విమానాన్ని చూసి ఆ మాట అన్నారన్నది వేరే సంగతి.

ఆ ప్రమాదం తర్వాత అమెరికా దర్యాప్తు సంస్థ పాత రికార్డులు తీసింది. 2021 అక్టోబరు నుంచి 2024 డిసెంబరు దాకా ఆ ఒక్క విమానాశ్రయం దగ్గరే ప్రయాణికుల విమానాలూ హెలికాప్టర్లూ పక్కకి ఒక మైలు, నిలువునా 400 అడుగుల కంటే దగ్గరగా వచ్చిన సందర్భాలు 15,214 తేలాయి. అందులో 85 సార్లు పక్కకి 1500 అడుగులు, నిలువునా 200 అడుగుల కంటే కూడా దగ్గర. రికార్డుల్లో అన్నీ ఉన్నాయి, ఎవరూ కూడి చూడలేదు. నాకు కోపం తెప్పించేది ఇలాంటిది. బెంగళూరులో 2022 జనవరిలో రెండు ఇండిగో విమానాలు పక్కపక్క రన్‌వేల నుంచి ఒకేసారి లేచి దగ్గరికి వచ్చినప్పుడు కూడా, ఆ సంగతి లాగ్‌బుక్‌లో రాయలేదని డీజీసీఏ చెప్పాల్సి వచ్చింది. విమానాలు దగ్గరకి రావడం ఒక తప్పు. దాన్ని రాయకపోవడం అంతకంటే పెద్ద తప్పని నేను గట్టిగా నమ్ముతాను.

మీరు పెట్టిన స్క్రీన్‌షాట్ సంగతి. ఫ్లైట్ ట్రాకింగ్ యాప్‌లో రెండు విమానం బొమ్మలు ఒకదానిమీద ఒకటి ఉన్నాయని దాన్ని సాక్ష్యంగా చూపిస్తున్నారు. ఆ బొమ్మలు విమానం అసలు సైజులో ఉండవండి. మ్యాపు మీద ఒక్కో బొమ్మ కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. సిగ్నల్ అందని చోట, ముఖ్యంగా తక్కువ ఎత్తులో, యాప్ విమానం స్థానాన్ని ఊహించి గీస్తుంది. అందులో కనిపించే ఎత్తు ఆ రోజు స్థానిక గాలి పీడనానికి సరిచేసినది కాదు, ప్రామాణిక పీడనం మీద లెక్కించినది. తుఫాను రోజుల్లో ఆ తేడా వందల అడుగులు ఉండొచ్చు. సరదాగా చూసుకోండి, నిర్ధారణకి మాత్రం పనికిరాదు.

ఇంకో మాట, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు తరచు అడిగేది: ధవళేశ్వరం బ్యారేజీ రెండుమూడుసార్లు కనిపించింది, దారి తప్పారా అని. కాదు, అది హోల్డింగ్. ఒక చుట్టు మామూలుగా నాలుగు నిమిషాలు. రాడార్ సాయం లేని చోట ఇద్దరు ఒకేసారి వస్తే, మొదటివాడు దిగేదాకా రెండోవాడిని కనీసం 1000 అడుగులు పైన తిప్పుతూ ఉంచుతాం. శీతాకాలం ఉదయాల్లో మన డెల్టాలో మంచు కమ్మినప్పుడు ఇది ఎక్కువ.

మన ప్రాంతంలో నన్ను నిజంగా ఆలోచనలో పడేసేవి వేరే ఉన్నాయి. దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్ వెనకాల దిగే తెల్లకొంగల గుంపులు, చేపల చెరువుల మీద నీటికాకులు. ఇవి రన్‌వే వైపు లేస్తే టవర్ విమానాన్ని ఆపుతుంది, మీరు మళ్లీ గో-అరౌండ్ చూస్తారు. వాటికంటే టెన్షన్ పెట్టేవి పెళ్లిళ్ల డ్రోన్లు. మందు కొట్టే డ్రోన్ చేను మీద కొన్ని అడుగుల ఎత్తులోనే ఉంటుంది. పెళ్లి డ్రోన్ వీడియో కోసం వందల అడుగులు ఎక్కుతుంది. రన్‌వేకి మైలు దూరంలో విమానం ఎత్తు 320 అడుగులే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం అనుమతి లేకుండా ఎగరేసుకునే గ్రీన్ జోన్ విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల ఉండదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకానే. డిజిటల్ స్కై మ్యాపులో మీ ఊరు ఏ రంగులో ఉందో చూసుకోవచ్చు. కోరుకొండ, మధురపూడి పక్క ఊళ్లలో ఫంక్షన్ ఉంటే వీడియో తీసేవాళ్లని ముందే అడగండి. టీకాస్‌కి డ్రోన్ కనిపించదు.

ఫిర్యాదు విషయం. గో-అరౌండ్ మీద ఫిర్యాదు చెయ్యకండి. ఆ పైలట్ రేపు ఇంకోసారి లేపడానికి ఒక్క క్షణం కూడా తటపటాయించకూడదు. కారణం తెలుసుకోవాలనుకుంటే ఎయిర్‌లైన్‌కి ఫ్లైట్ నంబరు, తేదీ రాసి మర్యాదగా అడగండి. జవాబు రాకపోతే విమానయాన శాఖ ఎయిర్‌సేవా పోర్టల్ ఉంది. నిజమైన ఎయిర్‌ప్రాక్స్ అయితే పైలట్, కంట్రోలర్ ఇద్దరూ రిపోర్టు ఇవ్వాలి, తీవ్రమైనదైతే విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ దర్యాప్తు చేస్తుంది. అది మీ ఫిర్యాదు మీద ఆధారపడి ఉండదు.

అమ్మగారికి ఇదంతా చెప్పక్కర్లేదు. "ముందు బండి ఇంకా దారిలో ఉంటే మన డ్రైవరు ఆగాడమ్మా, విమానానికి గాలిలో ఆగడం కుదరదు కాబట్టి చుట్టు తిరిగింది" అంటే చాలు. ఈసారి ఎక్కినప్పుడు రెక్క మీదుగా కిటికీ సీటు తీసుకోండి, కుదుపు తక్కువ. దిగే ముందే చెప్పి ఉంచండి: ఒకవేళ మళ్లీ హోరుమని పైకి లేస్తే బెల్టు బిగించుకుని కూర్చోమనండి, పావుగంటలో దిగుతారు.